కదలనొల్లని మోటారుకారు

హైదరాబాదు నగరమునందలి సంజీవరెడ్డి నగరులో, అనగా జనులు క్లుప్తముగా ఎస్.ఆర్. నగరని పిలుచుచోట, మా పొరుగింటివారి కుమారునికి మార్చి నెలలో ఒకనాడు పదవతరగతి గణితపరీక్ష యుండెను. పరీక్ష తొమ్మిదిన్నర గంటలకు. ఎనిమిది గంటలకే తండ్రియు కొడుకును సెల్లారులోనికి దిగి కారులో కూర్చుండిరి. తండ్రి తాళము త్రిప్పెను, బండి కదలలేదు. మరల త్రిప్పెను. పిదప కోపముతో త్రిప్పెను, ప్రార్థించుచు త్రిప్పెను, స్టీరింగును చరచి త్రిప్పెను. మేము పైఅంతస్తునుండి దిగివచ్చునప్పటికి ఆయన ఎన్ని మారులు త్రిప్పెనో లెక్కలేదు. మేము వినినది టకటకమను సన్నని చప్పుడు మాత్రమే. కొంతసేపటికి అదియు నిలిచిపోయెను. ఎనిమిదింబావు దాటిన తరువాత పిల్లవానితో ఆయన మెట్రో స్టేషనునకు పరుగెత్తెను. బాలుడు వేళకు చేరెను గాని, చెమటతో తడిసి, వణకు చేతులతో మొదటి లెక్క తప్పు చేసితినని సాయంకాలము చెప్పెను.

ఆ సాయంకాలమే మరమ్మతు మిస్త్రీ వచ్చెను. అతడు పనిముట్ల సంచినైనను విప్పక అడిగిన మొదటి ప్రశ్న యిది: “పొద్దున మొదటిసారి చాబీ తిప్పినప్పుడు చప్పుడెట్లొచ్చింది సార్?” మా పొరుగువారు తెల్లబోయి, “ఏమో భాయ్, స్టార్టు కాలేదు, అంతే” అనిరి. మిస్త్రీ నిట్టూర్చెను. ఆ నిట్టూర్పు మాకు బోధపడుటకు కొంతకాలము పట్టెను. అతనివలనను, తరువాత మేము చదివి, చూచి, కొంత చేతులు మసిచేసికొని తెలిసికొనినదానివలనను గ్రహించిన సంగతులను ఈ సంచిక చదువరులకు తెలుపుచున్నాము. కదలని కారు మూగది కాదు. మొదటిమారు తాళము త్రిప్పినప్పుడు అది తన రోగమును తానే చెప్పును. దానిని వినక పదేపదే త్రిప్పువారు ఆ సాక్ష్యమును చెరిపివేయుటయేకాక, ఒక రోగముగల బండికి రెండవ రోగమును తగిలింతురు. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లగును.

పెట్రోలు యంత్రము మేల్కొనుటకు నాలుగు వస్తువులు కావలయును: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, త్రిప్పెడి బలము. గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమమును పిస్టను పైకిపోవుచు పదింట నొకవంతు చోటిలోనికి అదిమివేయును. అప్పుడు ప్లగ్గు కొననుండి రవ్వ రాలును. మిశ్రమము భగ్గున మండి పిస్టనును క్రిందికి త్రోయును. ఒకమారు ఈ పని సాగినదా, ప్రతి మంటయు తరువాతి మంటకు కావలసిన బలమును తానే యిచ్చుచుండును. కాని మొట్టమొదటి చుట్లు త్రిప్పుటకు బయటివాడెవ్వడో కావలయును. వెనుకటి దినములలో ఆ బయటివాడు మనుష్యుడే. బండి ముక్కులో ఇనుప హ్యాండిలు దూర్చి బలముకొలది త్రిప్పెడివారు. అది ఎదురు తన్నినచో మణికట్టు విరిగెడిది. 1911లో అమెరికా దేశమున చార్లెస్ కెట్టరింగు అనునతడు ఈ పనిని విద్యుత్తు మోటారుచే చేయించెను. 1912 నమూనా కాడిలాక్ బండ్లలో అది అమరెను. మన దేశమున అంబాసిడరు కారులకు చాలకాలము హ్యాండిలును తోడుగా వచ్చెడిది. 2014లో ఆ బండ్ల తయారీయే ఆగినది. నేటి బాలురు ఆ హ్యాండిలును తాతగారి కథలలోనే వినవలసియున్నది. స్టార్టరు మోటారును మన మిస్త్రీలందరు “సెల్ఫు” అందురు. మేమును అట్లే వ్రాసెదము.

ఈ సెల్ఫు మహా తిండిపోతు. ఒక సాధారణమైన ముందుదీపము నాలుగైదు ఆంపియర్ల విద్యుత్తుతో వెలుగును. చిన్న కారు సెల్ఫునకు నూరు ఆంపియర్లకు పైగా కావలయును. అనగా ఇరువది దీపములు త్రాగునంత విద్యుత్తును అది ఒక్క గ్రుక్కలో త్రాగును. “దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, కావున బ్యాటరీ బాగున్నది” అని పెద్దమనుష్యులు వాదించుట మేము పలుమారులు వినియుంటిమి. ఈ లెక్క తెలిసినవారు అట్లనరు. దీపమునకు చాలిన బ్యాటరీ సెల్ఫునకు చాలవలెనని నియమము లేదు. పరీక్షింపవలెనన్న, ముందుదీపములను వెలిగించి, ఒకరిని ఎదుట నిలిపి, ఒక్కమారు తాళము త్రిప్పి చూడుడు. దీపములు చప్పున కుంగి ఆరిపోవునట్లైన దోషము బ్యాటరీలోనో, దాని తీగల బిగింపులోనో యున్నది. దీపములు కొంచెమైనను తగ్గక, సెల్ఫు ఉలుకక పలుకకయున్న, విద్యుత్తు అచ్చటివరకు పోవుటయే లేదన్నమాట.

ఇక చప్పుళ్ల సంగతి. టకటకటకయని వేగముగా కొట్టుకొనుచున్నచో, బ్యాటరీ బలహీనము, లేదా దాని టెర్మినళ్లు వదులు. సెల్ఫుపైనుండు విద్యుదయస్కాంతము పట్టుకొనుటకు యత్నించుచు, బలము చాలక విడుచుచు, మరల పట్టుచుండుటవలన ఆ చప్పుడు పుట్టును. ఒకేయొక గట్టి “టక్కు” వినబడి ఊరకుండినచో, దీపములు కాంతితోనేయున్న, సెల్ఫునందే లోపముండవచ్చును. అసలు చప్పుడే లేనియెడల భయపడక ముందు గేరును చూడవలెను: ఆటోమాటిక్ బండి “పార్కు” లోనో “న్యూట్రల్” లోనో లేకున్న తిరుగదు, బొత్తామును నొక్కి నడుపు బండ్లు బ్రేకునో క్లచ్చినో గట్టిగా త్రొక్కనిదే తిరుగవు. మా బంధువొకరు ఇరువది నిమిషములు బండిని తిట్టిన పిదప, చక్రమునకును త్రొక్కుడుపలకకును నడుమ వాటరుబాటిలు చిక్కుకొనియుండుటను వారి మనుమరాలు కనిపెట్టెను! బొత్తాముబండి తాళపుచెవిలోని గుండీవంటి చిన్న బ్యాటరీ తీరిపోయినను బండి పలుకదు. అప్పుడు ఆ తాళపుచెవినే స్టార్టు బొత్తామునకు ఆనించి నొక్కిన చాల బండ్లు గుర్తుపట్టును.

హైదరాబాదునందు ఉదయమున కదలని కారులలో పెక్కింటికి కారణము బ్యాటరీయే. గావున దీనిగూర్చి కొంత విస్తరించి వ్రాసెదము. 1859లో గాస్టను ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపురేకులను సల్ఫ్యూరికామ్లములో ముంచి చేసిన బ్యాటరీయే, పెక్కు మార్పులతో, నేటికిని మన కారులలో నున్నది. ఆరు గదులు, గదికి రమారమి రెండు వోల్టులు. నిండియున్నప్పుడు 12.6 వోల్టులు, సగమునకు 12.2, 11.9కు దిగినదనిన దాదాపు వట్టిపోయినట్లే. యంత్రము నడచుచుండగా కొలిచిన 13.5కును 14.5కును నడుమ చూపవలెను. చూపనియెడల బ్యాటరీని నింపవలసిన ఆల్టర్నేటరే సరిగా పనిచేయుటలేదు, క్రొత్త బ్యాటరీ కొనినను వారమునకు మరల ఇదే కథ. వోల్టులు కొలుచు మల్టీమీటరు కోఠిలోని గుజరాతీగల్లీలో కొద్ది రూపాయలకే దొరకును. మా దృష్టిలో కారుగల యింటికి అది జ్వరమానమువలె ఉండదగిన వస్తువు.

చలిదేశములవారు బ్యాటరీని చలి చంపుననుకొందురు. చలియందు దాని బలము తగ్గుట నిజమే. కాని దాని ఆయువును హరించునది వేడి. మే నెలలో మన యెండలు నలువది డిగ్రీలు దాటును. కారు ముందుకప్పు క్రింద అంతకంటె ఎక్కువ. ఆ వేడికి లోపలి రేకులు తినివేయబడును, నీరు ఆవిరియగును. అందుచేత మన నగరమునందు మూడు నాలుగు సంవత్సరములు పనిచేసిన బ్యాటరీని నిందింపరాదు. ఎండాకాలమంతయు లోలోపల చెడి, వానకాలపు మొదటి చల్లని ఉదయమున అది చేతులెత్తివేయును. యజమాని వాననే తిట్టును.

నిలిపియుంచుట మరియొక శత్రువు. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు బందైనప్పుడు ఎస్.ఆర్. నగరు, అమీరుపేట సెల్లారులలో కారులు వారములతరబడి ధూళిముసుగులలో నిలిచిపోయెను. తలుపులు తెరచిన తరువాత ఎన్ని బండ్లు పలుకలేదో! పై తరగతుల విద్యార్థులు దీనిని లెక్కవేయవచ్చును. నిద్రించు కారులో గడియారము, దొంగలగంట, కంప్యూటరు జ్ఞాపకశక్తి మొదలగునవి మేల్కొనియే యుండును. అవన్నియు కలిసి ఎడతెగక 40 మిల్లీ ఆంపియర్లు త్రాగుననుకొందము. ఇరువదినాలుగు గంటలకు రమారమి ఒక ఆంపియరుగంట. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యము 35 ఆంపియరుగంటలు. ముప్పదియైదు దినములలో అంతయు హరించును. సెల్ఫును త్రిప్పుశక్తి అంతకు చాలముందే పోవును. వారమునకొకమారు సెల్లారులోనే రెండు నిమిషములు నడిపి ఆపివేసినవారి బండ్లును కొన్ని చచ్చెను. ఏలయనగా యంత్రమును లేపుటకు ఖర్చైన విద్యుత్తు రెండు నిమిషములలో తిరిగి నిండుట కష్టము. అరగంట రోడ్డుపై నడుపవలెను. వీలుకానియెడల నలుపు తీగను, అనగా ఋణధ్రువపు తీగను, విప్పియుంచిన మేలు.

ఇచ్చట ఒక హెచ్చరిక. సెల్లారునందు ఎక్కువసేపు యంత్రమును నడిపింపరాదు. పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలియాడని చోట అది మనుష్యుని నిద్రపుచ్చి చంపును. కాపలావాని పిల్లలు అచ్చటనే ఆడుకొనుచుందురు.

బ్యాటరీ మంచిదైయుండియు టెర్మినళ్లపై తెల్లగానో ఆకుపచ్చగానో ఉప్పువంటి పొడి పేరుకొని విద్యుత్తును అడ్డగించుట మిక్కిలి సామాన్యము. మొదట నలుపు తీగను, పిమ్మట ఎఱుపు తీగను విప్పి, వేడినీటిలో వంటసోడాను కలిపి, పాత పండ్లబ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, మొదట ఎఱుపును, పిమ్మట నలుపును బిగింపవలెను. పైన కొంచెము వేస్‌లైను పూసిన ఆ పొడి తొందరగా రాదు. ఈ పనికి పావుగంట చాలును. దీనికొరకు వందలు వెచ్చించినవారిని మేమెరుగుదుము.

బ్యాటరీ నిజముగా వట్టిపోయినచో పొరుగు కారునుండి విద్యుత్తు ఎరవు తెచ్చుకొనవచ్చును. దీనికి ఎఱుపు నలుపు తీగల జత అమ్ముదురు. క్రమము ముఖ్యము. ఎఱుపు తీగ ఒక కొనను చచ్చిన బ్యాటరీ ధనధ్రువమునకును, రెండవ కొనను మంచి బ్యాటరీ ధనధ్రువమునకును తగిలింపవలెను. నలుపు తీగ ఒక కొనను మంచి బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, రెండవ కొనను చచ్చిన బ్యాటరీకి కాక, ఆ బండి యంత్రముయొక్క పెయింటులేని లోహభాగమునకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. కడపటి తగిలింపులో రవ్వ రాలును. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడుచుండును. రెండును దగ్గరగా కలిసిన బ్యాటరీ పేలి ఆమ్లము ముఖమున చిమ్మును. అందుకే ఆ దూరము. బండి లేచిన పిదప తగిలించిన క్రమమునకు తలక్రిందులుగా విప్పవలెను. ఎఱుపు కొన నలుపు కొనను ఎన్నడును తాకరాదు.

మన వీధులలో ప్రసిద్ధమైన ఔషధము వేరొకటి గలదు: “నెట్టండి!” నలుగురు కుర్రవాండ్రు ఎచ్చటనుండియో వత్తురు. ఇది చేతిగేరుల బండికే చెల్లును. తాళమును “ఆన్” లో నుంచి, రెండవ గేరు వేసి, క్లచ్చి త్రొక్కిపట్టి, బండి పరుగందుకొనగానే క్లచ్చిని చప్పున విడువవలెను. చక్రములే యంత్రమును త్రిప్పును. ఆటోమాటిక్ బండిని ఎంత దూరము నెట్టినను వ్యాయామమే లాభము. బ్యాటరీ పూర్తిగా ఎండిపోయినచో నేటి చేతిగేరుబండియు లేవదు. ఏలయనగా పెట్రోలు పంపునకును, కంప్యూటరునకును కొంతైన విద్యుత్తు కావలయును. సెల్లారు వాలుపై మాత్రము నెట్టరాదు. యంత్రము నడువనిదే బ్రేకు బిగిసి గట్టిపడును, స్టీరింగు బరువెక్కును. అడుగున గోడయో, మనుష్యుడో యుందురు.

విద్యుత్కారుగలవారు ఇంతవరకు చదివి చిరునవ్వు నవ్వుచుందురేమో. వారి బండ్లలోను చాలవరకు పెద్ద బ్యాటరీకి తోడు 12 వోల్టుల చిన్న బ్యాటరీ యొకటి కలదు. అది చచ్చినచో పెద్దది నిండియున్నను బండి కన్ను తెరవదు.

ఇక రెండవ జాతి రోగము: సెల్ఫు చురుకుగా గిరగిర తిరుగును, యంత్రము మాత్రము అంటుకొనదు. ఇట్టి చప్పుడు వినినంతనే బ్యాటరీని వదలివేయవలెను, అది నిర్దోషి. పెట్రోలు రావలెను, రవ్వ రాలవలెను; రెండింటిలో నొకటి లోపించినది. మొదట చూడదగినది నవ్వులపాటుగా తోచును: టాంకులో పెట్రోలు కలదా? సువార్తలోని బుద్ధిలేని కన్యకలు నూనెలేక దివిటీలు పట్టుకొని నిలిచినట్లు, ముల్లు చూపినదే నిజమని నమ్మి నిలిచిపోయినవారు కొందరు కలరు. ఆ ముల్లు పాత బండ్లలో అబద్ధమాడుటయు కద్దు. వాలుపై నిలిపిన బండిలో కొద్దిపాటి పెట్రోలు ఒకమూలకు చేరి పంపునకు అందకుండుటయు కద్దు.

తరువాత, తాళమును “ఆన్” వరకే త్రిప్పి, రేడియో కట్టి, చెవియొగ్గి వినవలెను. వెనుకసీటు క్రిందనుండి రెండు సెకనులపాటు సన్నని జుమ్మను ధ్వని వచ్చును. అది పెట్రోలు పంపు. ఆ ధ్వని లేనిచో పంపుయొక్క ఫ్యూజో, రిలేయో, పంపే స్వయముగానో చెడినది. ఫ్యూజుపెట్టె మూతపై ఏది దేనిదో గుర్తులుండును. ఫ్యూజులకు రంగుల భాష యొకటి కలదు: 10 ఆంపియర్లది ఎఱుపు, 15ది నీలము, 20ది పసుపు. కాలిపోయినదాని స్థానమున అదే రంగుది పెట్టవలెను. పెద్దది పెట్టుటగాని, సిగరెట్టుపెట్టె వెండికాగితము చుట్టుటగాని బండికి నిప్పంటించుటయే. ఒకమారు మార్చినదియు వెంటనే కాలినచో తీగ ఎచ్చటనో ఒరసికొనియున్నదని తెలిసికొని ఆగవలెను.

డాషుబోర్డుపై తాళపుచెవి బొమ్మయో, కారునకు తాళము వేసిన బొమ్మయో మిణుకుమిణుకుమనుచున్నచో, బండి మన తాళపుచెవిని గుర్తించుటలేదు, దొంగయని తలచుచున్నది. తాళపుచెవిలోపల చిన్న చిప్పు గలదు. ఇంటిలోనున్న రెండవ తాళపుచెవిని తెచ్చి చూడవలెను. అందుకే దానిని పోగొట్టుకొనరాదు.

మన సెల్లారులకే ప్రత్యేకమైన యొక చిక్కు కలదు. ఒకరి వెనుక నొకరు బండ్లు నిలుపుదురు. వెనుకవానిది తీయవలెనన్న ముందువానిది పది గజములు జరుపవలెను. చల్లగానున్న యంత్రమును లేపి, పదిగజములు జరిపి, వెంటనే ఆపివేసిన, చల్లని యంత్రమునకు ఎక్కువగా చల్లబడిన పెట్రోలు కాలక ప్లగ్గులను తడిపివేయును. మరునాడు బండి తిరుగునుగాని అంటుకొనదు. పెట్రోలు వాసన గుప్పున కొట్టును. అప్పుడు ఆక్సిలరేటరును అడుగువరకు త్రొక్కిపట్టి ఐదారు సెకనులు సెల్ఫు త్రిప్పిన, ఇంజెక్షను బండ్లలో పెక్కింటియందు కంప్యూటరు పెట్రోలును ఆపి గాలిని మాత్రమే పంపి ప్లగ్గులను ఆరనిచ్చును. ఒక్కొక్కమారు పది సెకనులకు మించి త్రిప్పరాదు. నడుమ ఒక నిమిషమైనను సెల్ఫునకు విశ్రాంతి నీయవలెను. అది నిరంతరము తిరుగుటకు చేయబడినది కాదు. వేడికి దాని తీగచుట్లు కాలిపోవును.

డీసిలుబండికి రవ్వ లేదు. గాలిని మిక్కిలి బిగియనదిమిన వేడికే నూనె మండును. దానిలో నూనె పూర్తిగా అయిపోయినచో గొట్టములలో గాలి చేరును. తిరిగి నూనె పోసినంతమాత్రమున లేవదు, గాలిని తీయవలసియుండును.

ఇంతవరకు చెప్పినవానిలో పొరపాటు జరిగిన పోవునది బ్యాటరీయో, సెల్ఫో, ఒక పూట కాలమో. ఇక చెప్పబోవుదానిలో పొరపాటు జరిగిన యంత్రమే పోవును. అది వాననీటి సంగతి. బేగంపేట వాతావరణ కేంద్రమునందు 2000 ఆగస్టు 24న ఒక్కదినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన నమోదైనది. 2020 అక్టోబరు 14 ఉదయముతో ముగిసిన ఇరువదినాలుగు గంటలలో సుమారు 19 సెంటీమీటర్లు. అంతటి వాన కానక్కరలేదు. గట్టివాన ఒక గంట కురిసిన చాలును. మిట్టనుండు జూబిలీహిల్సు, యూసుఫుగూడ దెసలనుండి నీరు కృష్ణానగరు వీధులను కాలువలుగా చేసికొని మైత్రీవనము కూడలివైపు పల్లమునకు దిగును. సెల్లారులు చెరువులగును. నీటిలో నడుచుచుండగా ఆగిపోయిన కారునుగాని, ఒక రాత్రి మునిగిన కారునుగాని తాళము త్రిప్పి లేపుటకు యత్నింపరాదు. ఒక్కమారైనను వలదు.

కారణము వినుడు. 1200 ఘనసెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల యంత్రములో ఒక్కొక్క సిలిండరు పాలు 300. పదింట నొకవంతునకు అదుముననిన, పిస్టను పైకొనకు చేరినప్పుడు మిగులు చోటు సుమారు 33 ఘనసెంటీమీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాలకంటె కొంచెమెక్కువ. గాలి అణగును, నీరు అణగదు. గాలి పీల్చు గొట్టముగుండ మూడు చెంచాల నీరు సిలిండరులో చేరినను, పైకి వచ్చు పిస్టను రాతిగోడను ఢీకొన్నట్లు నిలిచిపోవును. దానిని మోయు ఉక్కుకడ్డీ వంగును, లేదా విరిగి యంత్రపుగోడను చీల్చుకొని బయటపడును. అంతకుముందు ఆరబెట్టి నూనెలు మార్చిన సరిపోవు బండి, ఒక్క త్రిప్పుతో క్రొత్త యంత్రమును కోరును. మునిగిన బండిని మరల త్రిప్పుటవలన కలిగిన నష్టమునకు సామాన్య భీమాపత్రములు సొమ్ము చెల్లింపవు. దానికి ప్రత్యేకముగా యంత్రరక్షణ అను చేర్పు కొనియుండవలెను. గావున నీరు తగ్గిన పిదప నలుపు తీగను విప్పి, బండిని కట్టి లాగించుకొనిపోవుటయే మార్గము. లాగునప్పుడు గేరు న్యూట్రలులో నుండవలెను. ఆటోమాటిక్ బండినైన పళ్లెరపులారీపైకి ఎక్కించవలెను. ప్లగ్గులు విప్పి నీటిని వెడలగొట్టిన తరువాతనే మిస్త్రీ త్రిప్పును.

కారులో రోగియున్నప్పుడు ఈ వ్యాసమునంతయు మరచిపోవలెను. పంజాగుట్ట నిమ్సు ఆసుపత్రి కన్నులకగుపడు దూరమున నున్నను, ముందుకప్పును ఎత్తి తీగలు వెదకుచు కాలము పుచ్చరాదు. ఒక్కమారు త్రిప్పి లేవనియెడల 108కి టెలిఫోను చేయవలెను. ఈ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు ప్రారంభమై నేటికిని నడచుచున్నది. ఆటోరిక్షాయైనను మేలే.

మరల మా పొరుగింటి సెల్లారునకు వత్తము. తండ్రికి జ్ఞాపకము లేకపోయెను గాని, మెట్లపై కూర్చుండి మరునాటి పాఠమును చదువుకొనుచున్న కుమారుడు తలయెత్తి, “మొదట బాగానే తిరిగింది అంకుల్, గిరగిరమని. చాలాసార్లు తిప్పాకే డాడీ టకటక వచ్చింది” అనెను. మిస్త్రీ ముఖము వికసించెను. అంతకుముందు అతడు చచ్చిన బ్యాటరీని చూచి, క్రొత్తది తెప్పించవలెనని యుండెనట. బాలుని మాటతో దానిని ప్రక్కకుపెట్టి, ఎరవు తీగలు తగిలించి త్రిప్పెను. యంత్రము గిరగిర తిరిగెను, అంటుకొనలేదు. వెనుకసీటు క్రింద పంపు జుమ్మనెను. దీపము చేతబట్టి యంత్రముపైకి వంగెను. ఇంజెక్టర్లకు విద్యుత్తును కొనిపోవు తీగలజడపై నల్లని రెట్టలును, సగము కొరికిన కోడియెముకయు నుండెను. ఎలుక ఆ తీగను రెండు చోట్ల కొరికివేసినది. వెచ్చని యంత్రముపై రాత్రి పండుకొని, తీగపై తొడుగును నములుట దానికి వినోదము; క్రింది చెత్తకుండీ దానికి వంటయిల్లు.

మిస్త్రీ ఆ రెండు తీగలను టాంకముతో అతికి, పైన తొడుగు వేసెను. బ్యాటరీని ఆ రాత్రియంతయు చార్జింగులో నుంచిరి. అది చెడియుండలేదు, అలసియుండెను. మరునాడు చెత్తకుండీకి మూత పెట్టించిరి. మిగిలిన పరీక్షలకు బాలుడు మెట్రోలోనే పోయెను. అదియే నిశ్చింతయని తండ్రికి చెప్పినవాడును వాడే.